పేరులోనే పెట్టె గుట్టు

హౌరా స్టేషను నుండి బర్ధమాను వైపు సాగే లోకల్ రైలు మొట్టమొదట ఆగే ఊరు లిలువా. కోల్‌కతా మహానగరానికి ఎదుటి ఒడ్డున, హుగ్లీ నదికి పశ్చిమ తీరాన ఉన్న ప్రాంతమిది. 1854 ఆగస్టు 15న హౌరా నుండి హుగ్లీకి బయలుదేరిన తూర్పు భారతపు తొలి ప్రయాణికుల బండి నడిచిన దారి ఇదే. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నాటికే ఈస్టిండియన్ రైల్వే కంపెనీ ఇక్కడ ప్రయాణికుల పెట్టెలకు, సరుకుల వ్యాగన్లకు ఒక పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పింది. తూర్పు రైల్వే అధీనంలో ఆ కర్మాగారం నేటికీ పని చేస్తున్నది. దేశం నలుమూలలా తిరిగి అలసిపోయిన పెట్టెలు ఇక్కడికి చేరుకుంటాయి. చక్రాలు, బ్రేకులు, స్ప్రింగులు విప్పి, పరీక్షించి, బాగుచేసి, రంగులు వేసి వాటిని తిరిగి పట్టాలెక్కిస్తారు.

వ్యాగను ప్రక్కన తెల్లరంగుతో కొన్ని అక్షరాలు, కొన్ని అంకెలు వ్రాసి ఉంటాయి. రైలుగేటు దగ్గర నిలబడి గూడ్సుబండి పోయేదాకా వేచి ఉన్న ప్రతివారూ వాటిని చూసే ఉంటారు. వాటికొక అర్థమున్నదని భావించేవారు మాత్రం తక్కువ. వ్యాగను ఖాళీగా ఎంత తూగుతుంది, ఎంత బరువు మోయగలదు, చివరిసారి ఏ కర్మాగారంలో ఎప్పుడు బాగుచేశారు అన్న వివరాలన్నీ అక్కడ ఉంటాయి. అన్నిటికంటె ముఖ్యమైనది ఆ వ్యాగను రకం పేరు. రంగుడబ్బా, కుంచె పట్టిన కాలం నుండి కంప్యూటరు పట్టికల కాలం దాకా సరిగా పరిష్కరించవలసిన చిక్కుముడి ఒకటే: ఒక కొత్త రకం వస్తువు పుట్టినప్పుడు, దానిని ఎన్నడూ చూడని మనిషికి కూడా అర్థమయ్యేలా ఏమని పేరు పెట్టాలి?

ఒక్క అక్షరం విలువ

మన గూడ్సుబండ్లలో తరచుగా కనిపించే పేరు బి.ఓ.ఎక్స్.ఎన్. రైల్వేవారు దీనిని బాక్స్-ఎన్ అంటారు. ఇందులో ప్రతి అక్షరానికీ ఒక పని ఉన్నది. 'బి' అంటే బోగీ మీద నడిచే పెద్ద వ్యాగను. నాలుగు చక్రాల పాతకాలపు చిన్న బండి కాదన్నమాట. 'ఓ' అంటే పైకప్పు లేనిది. 'ఎక్స్' అంటే ప్రక్కగోడలు ఎత్తుగా ఉన్నది. చివరి 'ఎన్' అంటే గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులు ఉన్నది. ఖాళీ వ్యాగను బరువు సుమారు 22.5 టన్నులు, సరుకుతో కలిపితే 81.28 టన్నులు. 'ఓ'కు బదులు 'సి' వస్తే అది కప్పు ఉన్న వ్యాగను. బి.సి.ఎన్. అనే ఆ పెట్టెలో ధాన్యం, సిమెంటు, ఎరువులు ప్రయాణం చేస్తాయి. బి.టి.పి.ఎన్. అంటే పెట్రోలు మోసే ట్యాంకు.

ఈ అక్షరాలలో చివరిదైన 'ఎన్' ఒకప్పుడు ప్రాణాలు కాపాడే అక్షరం. 1980ల తొలినాళ్ళలో బాక్స్-ఎన్ వ్యాగన్లు వచ్చేనాటికి మన గూడ్సుబండ్లలో అధికభాగం వాక్యూమ్ బ్రేకులతో నడిచేవి. ఆ పద్ధతిలో బండి పొడవునా ఉండే గొట్టంలోనుండి గాలిని తోడివేస్తారు. గాలి లోపలికి చొరబడితే బ్రేకులు పడతాయి. కొత్త పద్ధతిలో గొట్టంలో గాలిని ఒత్తిడితో నింపుతారు. ఆ ఒత్తిడి తగ్గితే బ్రేకులు పడతాయి. ఒకదానికి శూన్యం కావాలి, మరొకదానికి నిండుతనం కావాలి. ఈ రెండు రకాల బ్రేకులూ ఒకే గొట్టం మీద పనిచేయవు. రెండు వ్యాగన్లు దూరం నుండి ఒకే తీరుగా కనిపించినా, ఒక బండిలో కలిపి నడపడానికి పనికిరావు. యార్డులో బండి కూర్చేవాడికి ఆ సంగతి తెలియజెప్పేది పేరు చివరనున్న ఆ ఒక్క అక్షరమే.

సరుకు దించే చోట కూడా పేరుతోనే పని. బొగ్గు మోసే బాక్స్-ఎన్ వ్యాగనును ఖాళీ చేయాలంటే దానిని అమాంతం ప్రక్కకు ఒరగదీసే యంత్రం కావాలి. బి.ఓ.బి.ఆర్.ఎన్. అనే రకానికి అడుగున తలుపులుంటాయి. అవి తెరుచుకోగానే బొగ్గు పట్టాల క్రిందనున్న గోతిలోకి జారిపోతుంది. విద్యుత్కేంద్రంలో ఏ ఏర్పాటు ఉంటే ఆ రకం వ్యాగన్లే అక్కడికి పోవాలి. గనివద్ద రకం పేరు తప్పుగా చదివితే, బొగ్గు కొలిమి గుమ్మందాకా వచ్చి దిగకుండా నిలిచిపోతుంది.

వ్యాగను ఒక ఊరి సొత్తు కాదు. ఈ రోజు అస్సాంలో ఉన్నది మరునెల గుజరాతులో ఉండవచ్చు. ఒకసారి లిలువాలో బాగుపడిన వ్యాగను మరొకసారి విజయవాడ సమీపంలోని గుంటుపల్లి కర్మాగారానికి చేరవచ్చు. దాని పేరు చదివేవాడు బెంగాలీ కావచ్చు, తెలుగువాడు కావచ్చు, బీహారు వాడు కావచ్చు. పేరు పెట్టినవారిని పిలిచి, "అయ్యా, మీ ఉద్దేశ్యం ఏమిటి?" అని అడిగే వీలు వారికి ఉండదు. ఉద్దేశ్యమంతా పేరులోనే ఉండాలి.

గోడమీది పేరు కంప్యూటరుకెక్కిన వేళ

వ్యాగన్ల రాకపోకలను ఇప్పుడు కంప్యూటరు పట్టికలలో నమోదు చేస్తున్నారు. 1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం 'క్రిస్' ఇందుకు కావలసిన ఏర్పాట్లు చేసింది. అక్షరాల పేరుకు తోడు ప్రతి వ్యాగనుకూ పదకొండు అంకెల సంఖ్య ఉన్నది. మొదటి రెండు అంకెలు వ్యాగను రకాన్ని, తరువాతి రెండు దాని యజమాని అయిన రైల్వేను, ఆ తరువాతి రెండు తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. పిమ్మట నాలుగంకెల వరుససంఖ్య. చిట్టచివరి అంకె తప్పులు పట్టుకునే కాపలావాడు.

ఈ కాపలావాడి పని సులభంగానే తెలుసుకోవచ్చు. ఊహకు 10 02 15 1234 అనే పది అంకెలను తీసుకుందాం. ఎడమనుండి లెక్కిస్తే సరిస్థానాలలోని అంకెలు 0, 2, 5, 2, 4. వాటి మొత్తం 13. దానిని మూడుతో హెచ్చిస్తే 39. బేసిస్థానాలలోని అంకెలు 1, 0, 1, 1, 3, మొత్తం 6. రెండూ కలిపితే 45. దీనిని పై పదికి, అంటే 50కి, చేర్చడానికి ఇంకా 5 కావాలి. ఆ 5 పదకొండవ అంకె. గుమాస్తా ఏ ఒక్క అంకెను పొరపాటుగా వ్రాసినా లెక్క కుదరదు; కంప్యూటరు వెంటనే ఆ సంఖ్యను తిరస్కరిస్తుంది.

రకాన్ని తెలిపే మొదటి రెండంకెలలో మరొక ముందుచూపు ఉన్నది. 10 నుండి 29 వరకు పైకప్పు లేని వ్యాగన్లకు, 30 నుండి 39 వరకు కప్పు ఉన్నవాటికి, 40 నుండి 49 వరకు ట్యాంకులకు, 50 నుండి 59 వరకు అడుగునుండి సరుకు జారవిడిచే వాటికి కేటాయించారు. పుట్టబోయే బిడ్డకు ఇల్లు కట్టేనాడే గది ఉంచినట్లు, రాబోయే రకాలకు ఏ కుటుంబంలో చోటివ్వాలో ముందే నిర్ణయించారు.

కానీ ఈ ఏర్పాటుకు ఒక హద్దున్నది. అంకె తప్పితే పదకొండవ అంకె పట్టుకుంటుంది. అంకెలన్నీ సరిగానే ఉండి, ఆ అంకెలకు మనిషి తప్పుడు అర్థం చెప్పుకుంటే? దానిని పట్టుకునే కాపలావాడు ఏ కంప్యూటరులోనూ లేడు. ఆ పని పేరే చేయాలి.

జాడీ, దాని మీది చీటీ

డేటాబేసు అంటే పట్టికల భాండాగారం. అందులో ప్రతి గడికీ ఒక రకం నిర్ణయిస్తారు: ఇందులో సంఖ్య ఉంటుంది, ఇందులో మాటలుంటాయి, ఇందులో తేదీ ఉంటుంది అని. దీనినే దత్తాంశ రకం అంటారు. వంటింటిలో ఉప్పు, పంచదార, బియ్యపు పిండి చూపుకు ఒకటిగానే ఉంటాయి. ఇల్లాలు జాడీల మీద చీటీలు అంటిస్తుంది. రకం కూడా అటువంటి చీటీయే. అయితే ఇది ఒట్టి చీటీ కాదు. ఒక నియమం కూడా. తేదీ అని నిర్ణయించిన గడిలో ఎవరైనా ఫిబ్రవరి 31 అని వ్రాయబోతే కంప్యూటరు ఒప్పుకోకూడదు. ఏది రావచ్చు, ఏది రాకూడదు, వచ్చినవాటిని ఎలా పోల్చాలి, ఎలా కూడాలి అన్నవన్నీ ఆ రకం లోపల ఇమిడి ఉంటాయి.

సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఆ పట్టికలను ప్రశ్నించే ఎస్.క్యు.ఎల్. అనే భాషకు 1986లో తొలి ప్రమాణం ఏర్పడింది. అప్పటినుండి డేటాబేసులు తయారుచేసే సంస్థలు తమ అవసరాలకొద్దీ కొత్త కొత్త రకాలను చేరుస్తూ, వాటికి పేర్లు పెడుతూ వచ్చాయి. కొన్ని పేర్లు సార్థకమైనవి. కొన్నింటిని చూస్తే మన పెద్దలు చెప్పిన నేతి బీరకాయ సామెత గుర్తుకు వస్తుంది.

నేతి బీరకాయలు

మైక్రోసాఫ్టువారి ఎస్.క్యు.ఎల్. సర్వరులో 'టైమ్‌స్టాంపు' అనే రకం ఉన్నది. పేరు విన్నవారెవరైనా అందులో కాలం ఉంటుందనుకుంటారు. నిజానికి అందులో గంటా లేదు, నిమిషమూ లేదు. పట్టికలోని వరుస మారినప్పుడల్లా పెరిగే ఒక సంఖ్య మాత్రమే అది. ఎవరైనా మార్పు చేశారా లేదా అని తెలుసుకోవడానికి ఉపయోగపడుతుంది. ఎప్పుడు చేశారో చెప్పలేదు. తరువాత తయారీదారులే దానికి 'రోవెర్షన్' అనే తగిన పేరు పెట్టి, పాత పేరును విడిచిపెట్టమని వాడుకదారులకు సలహా ఇచ్చారు.

ఒరాకిల్ డేటాబేసులో 'డేట్' అనే రకం ఇందుకు విరుద్ధం. పేరులో చెప్పినదానికంటె లోపల ఎక్కువ ఉన్నది. తేదీతోబాటు గంటలు, నిమిషాలు, సెకండ్లు కూడా అందులో చేరి ఉంటాయి. పేరు నమ్మి, "మార్చి 5వ తేదీనాటి రసీదులన్నీ చూపించు" అని అడిగినవాడికి కొన్నే కనిపించవచ్చు. ఆ రోజు అర్ధరాత్రి సరిగ్గా సున్నా గంటలకు నమోదైనవి మాత్రమే 'మార్చి 5'తో సమానమని కంప్యూటరు అనుకుంటుంది. పగలు నమోదైన రసీదులు పట్టికలో భద్రంగానే ఉంటాయి, జవాబులో ఉండవు. కంప్యూటరు తప్పు చేయలేదు. లెక్కలో తప్పు లేదు. పేరు చెప్పిన అర్ధసత్యమే నష్టానికి కారణం.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో 'కాలమండలంతో కూడిన టైమ్‌స్టాంపు' అని అర్థం వచ్చే రకం ఒకటున్నది. ఎస్.క్యు.ఎల్. ప్రమాణంలో ఉన్న పేరే అది. అందులో వ్రాసిన కాలాన్ని కంప్యూటరు అంతర్జాతీయ ప్రామాణిక కాలానికి మార్చి దాచుకుంటుంది. చూపేటప్పుడు చూసేవాని ప్రాంతపు కాలానికి మార్చి చూపుతుంది. చాలా ఉపయోగకరమైన పద్ధతి. కానీ, వ్రాసినవాడు ఏ కాలమండలంలో ఉన్నాడన్న సంగతి మాత్రం ఎక్కడా మిగలదు. పేరులో మండలమున్నది, పెట్టెలో లేదు.

నాలుగవ ఉదాహరణ ప్రపంచభాషలకు సంబంధించినది. లోకంలోని లిపులన్నిటినీ కంప్యూటరులో వ్రాయడానికి 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు యు.టి.ఎఫ్-8 అనే పద్ధతిని రూపొందించారు. నేటి లెక్కలో ఒక్కొక్క గుర్తుకు ఒకటి నుండి నాలుగు బైట్ల చోటు కావాలి. మై ఎస్.క్యు.ఎల్. అనే డేటాబేసులో 'యు.టి.ఎఫ్.8' అన్న పేరుతోనే ఒక ఏర్పాటు వచ్చింది. కాని అది మూడు బైట్లవరకే ఒప్పుకుంటుంది. తెలుగు అక్షరాలు మూడు బైట్లలో ఇముడుతాయి కనుక తెలుగువారికి లోపం కనిపించలేదు. చీనా లిపిలోని కొన్ని అరుదైన అక్షరాలకు, సందేశాలలో వాడే నవ్వు ముఖాల బొమ్మలకు నాలుగు బైట్లు కావాలి. అవి వచ్చినచోట వ్రాత తెగిపోవడమో, తిరస్కరణకు గురికావడమో జరిగేది. 2010లో నాలుగు బైట్లకు చోటిచ్చే కొత్త ఏర్పాటు వచ్చింది. కానీ సహజమైన పేరు అప్పటికే పాతదానికి పోయింది. అందుచేత సరైనదానికి 'యు.టి.ఎఫ్.8.ఎం.బి.4' అనే నోరుతిరగని పేరు దక్కింది. పెద్దపీట మీద తొందరపడి ఒకరిని కూర్చోబెడితే, తరువాత వచ్చిన అర్హుడు చాప వెతుక్కోవలసి వస్తుంది.

'లిలువా'లో అక్షరాలెన్ని?

పేరు స్పష్టంగా లేకపోతే నష్టపోయేది కంప్యూటరు నిపుణులు మాత్రమే కాదు. పట్టికలలో పేరు నమోదయ్యే ప్రతి పౌరునికీ ఇందులో పాలున్నది.

లిలువా అన్న మాటనే తీసుకుంటే, చిన్నపిల్లవాడిని అడిగినా మూడక్షరాలంటాడు: లి, లు, వా. కంప్యూటరు లెక్క వేరు. అది 'ల'ను ఒకటిగా, గుడిని ఒకటిగా, కొమ్మును ఒకటిగా, దీర్ఘాన్ని ఒకటిగా లెక్కిస్తుంది. ఆ లెక్కన గుర్తులు ఆరు. యు.టి.ఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు కనుక మొత్తం పద్దెనిమిది బైట్లు. 'శ్రీ' అనే ఒక్క అక్షరానికి నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు.

ఇప్పుడు ఒక పట్టికలో ఊరిపేరు గడికి 'పది' అని కొలత నిర్ణయించారనుకుందాం. పది ఏమిటి? పోస్ట్‌గ్రెస్‌లో అది పది గుర్తులు. 'లిలువా' హాయిగా పడుతుంది. ఒరాకిల్‌లో ప్రత్యేకంగా చెప్పకపోతే అది పది బైట్లు. ఇంగ్లీషులో ఆరక్షరాలుగా వ్రాసిన లిలువా అందులో ఇముడుతుంది. తెలుగులో వ్రాసిన లిలువా ఇమడదు. రెండింటిలోనూ రకం పేరులో 'క్యారెక్టరు' అన్న మాటే ఉన్నది. ఇంగ్లీషువారికి అక్షరం, గుర్తు, బైటు మూడూ ఒకటిగానే నడిచిన కాలంలో పుట్టిన పేరది. ఆ పేరు వెనుక దాగిన ఊహ తెలుగు, బెంగాలీ లిపులకు వర్తించదు. ఇంటిపేరు పొడుగ్గా ఉన్న తెలుగువారి పేర్లు పట్టికలలో మధ్యలో తెగిపోకుండా ఉండాలంటే, గడిని కొలిచే మాటకు అర్థమేమిటో ముందే తేలాలి.

కట్టుబడి చెప్పాలా, పని చెప్పాలా?

కొత్త రకానికి పేరు పెట్టేవారు తరచుగా దానిని ఎలా నిర్మించారో చెబుతారు. వాడేవారికి కావలసినది అది ఏం చేస్తుందన్నది. పోస్ట్‌గ్రెస్‌లో 'జేసన్' అనే పద్ధతిలో వ్రాసిన సమాచారాన్ని దాచడానికి 2012లో ఒక రకం వచ్చింది. అది వ్రాసినది వ్రాసినట్లే ఉంచుతుంది. 2014లో మరొకటి వచ్చింది; దాని పేరు 'జేసన్‌బి'. 'బి' అంటే బైనరీ, అనగా యంత్రానికి అనుకూలమైన రూపంలో దాచుకొనేదని. పేరు అసత్యం కాదు. అయితే ఈ రెండవ రకం అంశాల వరుసక్రమాన్ని కాపాడదు. ఒకే పేరుతో రెండు అంశాలుంటే చివరిదానినే ఉంచుతుంది. బదులుగా వెతుకులాటలో వేగం ఇస్తుంది. వాడేవాడు తెలుసుకోవలసిన ఈ ముఖ్య విషయాలలో ఒక్కటీ ఆ 'బి' అక్షరం చెప్పదు.

కాలంతోబాటు అర్థం కోల్పోయే పేర్లు మరికొన్ని. ఒరాకిల్‌లో మాటలు దాచే రకం పేరు 'వార్‌చార్2'. రెండు ఎందుకు, ఒకటికీ దీనికీ తేడా ఏమిటి అన్నది పేరు చూసి తెలియదు. ఆ మాటకొస్తే, బాక్స్-ఎన్‌లోని 'ఎన్' కూడా ఇప్పుడు పని తీరిన అక్షరమే. గూడ్సు వ్యాగన్లన్నీ గాలి బ్రేకులకు మారిన తరువాత అది ఎవరినీ ఎవరినుండీ వేరుచేయడం లేదు. అయినా లక్షల నమోదులలో, రూళ్ళలో, కాగితాలలో పాతుకుపోయిన అక్షరాన్ని పెకలించడం కంటె ఉంచుకోవడమే సులభం. అయితే ఇక్కడొక తేడా గమనించదగినది. 'ఎన్' ఈనాటికీ అబద్ధం చెప్పడం లేదు. 'కొత్తది' అని పేరు పెట్టి ఉంటే, కొద్ది సంవత్సరాలలోనే అబద్ధమై ఉండేది.

ఒకే అక్షరం, వేరు వేరు చెవులు

పేరు స్పష్టంగా ఉన్నదా లేదా అన్నది వినేవారినిబట్టి కూడా ఉంటుంది. కర్మాగారంలో పాతకాలపు స్లీపరు పెట్టె పేరు డబ్ల్యు.జి.ఎస్.సి.ఎన్. అందులో 'ఎస్' అంటే రెండవ తరగతి. మూడంతస్తుల పడకలను చెప్పేది 'సి.ఎన్.' అదే పెట్టె ప్లాటుఫారం మీదికి వస్తే ప్రయాణికుడికి ఎస్-1, ఎస్-2. అతని దృష్టిలో 'ఎస్' అంటే స్లీపరు. వ్యాగన్ల గుమాస్తాకు 'బి' అంటే బోగీ. ప్రయాణికుడికి బి-1 అంటే మూడంతస్తుల ఎ.సి. పెట్టె. ఇద్దరూ తమ తమ గదులలో ఉన్నంతకాలం చిక్కులేదు. ఇద్దరి పట్టికలను ఒకచోట కలిపిననాడు, ఏ 'బి' ఏదో చెప్పే మరొక మాట అవసరమవుతుంది.

రిజర్వేషను పట్టికలలో ఇటీవల పుట్టిన రకమొకటి ఇందుకు మంచి నిదర్శనం. క్రిస్ సంస్థ రూపొందించిన 'కాన్సర్టు' అనే రిజర్వేషను వ్యవస్థ 1994లో సికింద్రాబాదులో మొదలై క్రమంగా దేశమంతటా విస్తరించింది. 2021లో రైల్వేవారు 83 పడకలున్న కొత్త మూడంతస్తుల ఎ.సి. పెట్టెను ప్రవేశపెట్టారు. అంతకుముందున్న అదే తరహా ఎల్.హెచ్.బి. పెట్టెలో పడకలు 72. కొత్త పెట్టెలో ఛార్జీ తక్కువ. దానిని పాతదానితో కలపకుండా 'మూడంతస్తుల ఎ.సి. ఎకానమీ' అని పేరు పెట్టి, టిక్కెట్ల పట్టికలో '3-ఇ' అనే ప్రత్యేక సంకేతమిచ్చారు. పేరు కుటుంబాన్ని చెబుతున్నది, తేడానూ చెబుతున్నది. చిన్న ఇబ్బంది ఒక్కటే: 'ఇ.సి.' అనే మరొక సంకేతంలో అదే 'ఇ' ఎగ్జిక్యూటివ్ అనే ఖరీదైన తరగతిని సూచిస్తుంది. పొదుపుకూ, విలాసానికీ ఒకే అక్షరం.

వేరు సంకేతం ఇవ్వడంలోని వివేకం త్వరలోనే తెలిసింది. 2022 నవంబరులో ఈ తరగతి ఛార్జీని మామూలు మూడంతస్తుల ఎ.సి. ఛార్జీతో కలిపివేశారు. 2023 మార్చిలో మళ్ళీ విడదీశారు. మొదటినుండీ రెండింటికీ ఒకే పేరు ఉండి ఉంటే, విడదీయవలసిన రోజున ఏ పడక ఏ రకానిదో తేల్చడమే పెద్ద పని అయ్యేది. ఎప్పటికైనా వేరుపడగల రెండు వస్తువులకు పుట్టుకలోనే రెండు పేర్లు ఉండడం మేలు.

పేరు మార్పు ఖరీదు

తప్పు తెలియగానే పేరు మార్చవచ్చు కదా అనిపించవచ్చు. ఊరి పేరు మార్చడం చట్టంతో అయ్యే పని. కలకత్తా 2001లో అధికారికంగా కోల్‌కతా అయినది. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ వాడుకునే కాలమండలాల పట్టికలో భారతదేశపు కాలానికి ఈ నగరం పేరే ఉన్నది. అందులో 'ఏషియా/కలకత్తా' అన్న పాత పేరు స్థానంలో 'ఏషియా/కోల్‌కతా' వచ్చింది. అయినా పాత పేరును తుడిచివేయలేదు. దానిని అడిగినవారికి కొత్తదానిని చూపించే మారుపేరుగా నిలిపి ఉంచారు. ఎందుకంటే, పాత పేరుతో వ్రాసిన లెక్కలేనన్ని కంప్యూటరు కార్యక్రమాలు ఎక్కడెక్కడ నడుస్తున్నాయో ఎవరికీ తెలియదు.

ఆ నగరపు కాలానిది కూడా ఒక కథ. 1906లో భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చినా, కలకత్తా నగరం 1948 వరకు తన సొంత కాలాన్ని వదలలేదు. గ్రీన్‌విచ్ కంటె 5 గంటల 53 నిమిషాల 20 సెకండ్లు ముందుండే ఆ కాలానికీ, ప్రామాణిక కాలానికీ ఇరవైమూడు నిమిషాలకు పైగా తేడా. 1930నాటి కాగితం మీద 'ఉదయం పది గంటలు' అని కనబడితే, ఎవరి పది గంటలని అడగవలసిందే. ఈనాటికీ 'ఐ.ఎస్.టి.' అనే మూడక్షరాలు మనకు భారత కాలం, ఇజ్రాయేలు వారికి ఇజ్రాయేలు కాలం, ఐర్లండు వారికి ఐర్లండు కాలం.

యూనికోడు అనే ప్రపంచ లిపుల ప్రమాణంలో నియమం మరింత కఠినం. ఒకసారి ఒక గుర్తుకు పేరు ప్రకటిస్తే ఇక మార్చరు. ఒక గుర్తు పేరులో 'బ్రాకెట్' అన్న ఇంగ్లీషు మాటలో రెండక్షరాలు తారుమారైనాయి. తప్పని అందరికీ తెలుసు. సవరణను ప్రక్కన చేర్చారే కాని, అసలు పేరును ముట్టుకోలేదు. పేరు స్థిరంగా ఉండడమే దానిని నమ్ముకున్నవారికి రక్ష.

నామకరణానికి ముందు

ఈ ఉదాహరణలన్నీ కలిపి చూస్తే కొత్త రకానికి పేరు పెట్టేవారు వేసుకోవలసిన కొన్ని ప్రశ్నలు తేలుతాయి. పేరు ఒక్కటే చూసి, దానిని ఎరుగని మనిషి లోపల ఏమున్నదని ఊహిస్తాడు? ఆ ఊహ నిజమేనా? పెట్టెలో లేనిది పేరులో ఉన్నదా, పెట్టెలో ఉన్నది పేరులో దాగిపోయిందా? పేరు దాని కట్టుబడిని చెబుతున్నదా, పనిని చెబుతున్నదా? రేపు దీనికంటె మంచిది వస్తే దానికి పెట్టడానికి పేరు మిగులుతుందా? ఒక భాష, ఒక లిపి, ఒక దేశం అలవాటు మీద ఆధారపడిన ఊహ ఏదైనా ఇందులో దాగి ఉన్నదా?

పొట్టి పేరు పలకడానికి సుఖం. పొడుగు పేరు వ్రాయడానికి కష్టం. ఈ సుఖదుఃఖాలు పేరు పెట్టేవారికి ఆ పూటకే. అపార్థం వల్ల కలిగే నష్టం మాత్రం సంవత్సరాల తరబడి వాడుకదారులది. అందువలన రెండక్షరాలు ఎక్కువైనా అపార్థానికి తావివ్వని పేరే అంతిమంగా చవక.

బారసాలనాడు బియ్యంలో పేరు వ్రాసే ముందు మన పెద్దలు దానిని నలుగురి నోటా పలికించి చూస్తారు. బిడ్డకు పేరు నచ్చకపోతే పెద్దయిన తరువాత గెజెటులో ప్రకటించి మార్చుకునే హక్కు ఉన్నది. పట్టికలోని రకానికి ఆ హక్కు లేదు. దానికి నామకరణం చేయబోయే ఇంజనీరు కూడా ఆ పేరును ముందుగా వినిపించవలసినది తోటి నిపుణులకు కాదు. రసీదులు వ్రాసే గుమాస్తాకు, బండి కూర్చే యార్డు మనిషికి, టిక్కెట్టు కొనే ప్రయాణికుడికి. వారు ఎదురుప్రశ్న వేయకుండా అర్థం చేసుకుంటే ఆ పేరు నిలుస్తుంది.